గోదావరి డెల్టాలో దూరం తొక్కేవాళ్లకు నల్ల పళ్ల సప్లిమెంట్లు: ఏది, ఎంత, ఎప్పుడు

రెండు వందల కిలోమీటర్ల రైడ్ దగ్గర పడిందంటే మా బ్యాచ్‌లో కొత్తగా చేరినవాళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బ్లాక్ కరంట్ క్యాప్సూల్స్ వేసుకుంటే స్పీడ్ పెరుగుతుందంట కదా, ఏది కొనమంటావు?" అని. నేను ముందు అడిగేది వేరే: "మొన్న ఆదివారం అమలాపురం వెళ్లొచ్చావు కదా, దారిలో ఎన్ని సీసాల నీళ్లు తాగావు?" చాలామంది దగ్గర ఆ లెక్క ఉండదు.

బ్లాక్ కరంట్ అంటే చలిదేశాల్లో పండే చిన్న నల్ల పండు. అలాంటి నల్ల పళ్ల సారం పనిచేస్తుంది, కొంచెం. నూటికి ఒకటో రెండో పాళ్లు. ఆ కొంచెం మీ కాళ్లకు అందాలంటే నీళ్లు, ఉప్పు, తిండి ముందే కుదిరి ఉండాలి. ఒంట్లో రెండు లీటర్ల నీళ్లు తగ్గినవాడికి ఏ క్యాప్సూలూ దారి చూపించదు. అందుకే ఈ మార్గదర్శి క్యాప్సూల్‌తో కాకుండా చెమటతో మొదలవుతుంది. తొందర పడకుండా వరుసగా చదవండి.

మొదటి మెట్టు: చెమట లెక్క తీయండి

మన డెల్టా రోడ్లు చూడ్డానికి సుఖం. కొండ లేదు, ఘాట్ లేదు. కానీ కొండ లేకపోవడమంటే దిగుడు కూడా లేకపోవడమే. కాళ్లు ఆపి జారుకుంటూ పోయే అవకాశం ఎక్కడా రాదు, వంతెన దిగేటప్పుడు దొరికే ఆ నాలుగు క్షణాలు తప్ప. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా రావులపాలెం, అక్కడి నుంచి కొత్తపేట, అమలాపురం, రాజోలు అని పోతూ ఉంటే ఎనిమిది గంటలూ పెడల్ తిరుగుతూనే ఉండాలి. మనకు గాలే కొండ. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఆ వేళ అంతర్వేది వైపు బండి తిప్పినవాడికి ఆ కొండ ఎంత ఎత్తో తెలుస్తుంది.

దానికి తోడు ఉక్క. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతాయి.

లెక్క ఇలా తీయండి. తెల్లవారుజామున మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టల్లో బరువు చూసుకోండి. సరిగ్గా గంటసేపు మీ మామూలు వేగంతో తొక్కండి. వచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. తగ్గిన ప్రతి కిలోకి సుమారు లీటరు చెమట. మధ్యలో తాగిన నీళ్లు దానికి కలపండి. ఇది డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చేయండి, అంకెలు ఒకటిగా రావు. నాకు మే నెల పొద్దున రావులపాలెం, కొత్తపేట మధ్య గంటకు లీటరు దాటింది. చలికాలంలో అందులో సగం.

పోయిందంతా దారిలోనే తిరిగి పోయాలని లేదు. రైడ్ చివరికి బరువు నూటికి రెండు పాళ్లకు మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. డెబ్బై కిలోల మనిషికి అది కిలోన్నర లోపు. బయల్దేరినప్పటికన్నా తిరిగొచ్చాక బరువు పెరిగితే మాత్రం అది ప్రమాదం. ఉత్త నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులు మొదలై, మనిషి తికమక పడే దాకా పోతుంది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే. కొబ్బరినీళ్లు మనకు అడుగడుక్కీ దొరుకుతాయి, తాగండి. అందులో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. అందుకని బోండాం ఒక్కటే నమ్ముకోకుండా, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్ ప్యాకెట్టో దారిలో ఉండాలి. ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండే ప్రపంచ ఆరోగ్య సంస్థ మిశ్రమం, మందుల షాపులో దొరికేది. పేరులో ఆ అక్షరాలు పెట్టుకుని తీపి నీళ్లు అమ్మిన డబ్బాల మీద హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా ఆపింది.

తిండి: రెండున్నర గంటలు దాటే రైడ్‌లో గంటకు 60 గ్రాముల పిండిపదార్థం పెట్టుకోండి. కడుపు అలవాటు పడ్డాక 90 దాకా పోవచ్చు, అయితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసి ఉండాలి. ఒక మోస్తరు అరటిపండులో అది 25 గ్రాములు ఉంటుంది. రావులపాలెం మార్కెట్ దాటుతూ రెండు చక్కెరకేళీలు జెర్సీ జేబులో వేసుకోని రోజు నాకు గుర్తులేదు. ఆత్రేయపురం దారిలోనే ఉంది కదా అని పూతరేకులు అడుగుతారు. అందులో నెయ్యి ఉంటుంది, తొక్కుతూ ఉండగా కడుపులో బరువు. ఇంటికి పట్టుకెళ్లండి.

ఈ మూడూ కుదరడానికి కనీసం నెల పడుతుంది. ఆ నెల గడిచాకే రెండో మెట్టు.

రెండో మెట్టు: ఏ పండు ఏం చేస్తుందో తెలుసుకోండి

నల్ల పళ్లకు ఆ ముదురు రంగు ఇచ్చే పదార్థాల పేరు ఆంథోసయనిన్లు. నేరేడు తిన్నాక నాలుక ఊదాగా మారేది వాటివల్లే. ఇవి రక్తనాళాల లోపలి పొర మీద పనిచేసి నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడ్పడతాయి, నాళాలు సడలుతాయి, కండరానికి రక్తం కొంచెం ధారాళంగా అందుతుంది. బ్లాక్ కరంట్ సారం తీసుకున్నవాళ్లలో కండరం బిగిసి ఉన్నప్పుడు తొడ దగ్గరి ధమని వెడల్పు పెరగడం పరీక్షల్లో కొలిచి చూశారు.

సైకిలు తొక్కేవాళ్ల మీద ఎక్కువ పని జరిగింది న్యూజిలాండ్ బ్లాక్ కరంట్ పైన. ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ యూనివర్సిటీలో మార్క్ విలెమ్స్, ఆయన తోటివాళ్లు చేసిన పరీక్షలు వరుసగా వచ్చాయి. 2015లో వచ్చిన దాంట్లో శిక్షణ ఉన్న 14 మంది సైక్లిస్టులకు రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, అంటే 105 మిల్లీగ్రాముల ఆంథోసయనిన్, ఏడు రోజులు ఇచ్చారు. 16.1 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఆ దూరాన్ని వీలైనంత త్వరగా తొక్కే పరీక్ష, సగటున 2.4 శాతం త్వరగా పూర్తయింది. సుమారు ఇరవై ఎనిమిదిన్నర నిమిషాల పనిలో 44 సెకన్లు తగ్గాయి. మధ్యస్థ వేగంలో తొక్కుతున్నప్పుడు కొవ్వు కరిగి శక్తిగా మారడం 27 శాతం పెరిగింది. 2017లో మోతాదులు మార్చి రెండు గంటల సైక్లింగ్ మీద చూస్తే, 600 మిల్లీగ్రాములకు కొవ్వు వాడకం 20 శాతానికి పైగా పెరిగింది. 900కు పోయినా దానికన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ రాలేదు. తర్వాతి ఏడాది ఆడవాళ్ల మీద 600 మిల్లీగ్రాములతో చేసిన పరీక్షలోనూ పెరుగుదల కనిపించింది.

కొవ్వు వాడకం మనకెందుకు ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, నాలుగైదు వందల గ్రాములు, సుమారు రెండు వేల కేలరీలు. రెండు వందల కిలోమీటర్లకు అందుకు రెట్టింపు పైగా ఖర్చవుతుంది. మిగతాది మీరు తిన్నదాని నుంచి, ఒంట్లోని కొవ్వు నుంచి రావాలి. కొవ్వు వైపు నుంచి వాటా కొంచెం పెరిగితే గ్లైకోజెన్ కొంచెం ఆలస్యంగా అయిపోతుంది. పాలకొల్లు దాటాక ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పే ఆ ఘడియ వెనక్కి జరుగుతుందన్నది ఆశ.

ఆశ అన్నాను, గమనించండి. ఆ పరీక్షలు గంటా రెండు గంటలవి. బీఆర్ఎమ్ అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్. బీఆర్ఎమ్ 200కు మనకిచ్చే సమయం పదమూడున్నర గంటలు. తేడా ఏమీ కనిపించని పరీక్షలూ ఉన్నాయి. కొన్ని పరీక్షలకు క్యాప్సూల్స్ ఇచ్చింది వాటిని తయారుచేసే కంపెనీయే. అన్నీ కలిపి చూసిన సమీక్షల్లో ప్రభావం ఉంది కానీ చిన్నది. నేను వీటిని వాడతాను, ఆ చిన్నదాన్ని చిన్నదిగానే చూస్తాను.

రెండోది పుల్ల చెర్రీ. మాంట్‌మోరెన్సీ అనే రకం. దీని బలం రైడ్ తర్వాత. లండన్ మారథాన్ పరిగెత్తినవాళ్లకు ముందు ఐదు రోజులు, పరుగు రోజు, తర్వాత రెండు రోజులు రసం ఇచ్చి చూసినప్పుడు కండరాల బలం త్వరగా తిరిగొచ్చింది. 2010 నాటి మాట అది. ఎనిమిది మంది సైక్లిస్టుల మీద 2019లో చెర్రీ పొడితో 15 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ 4.6 శాతం మెరుగైందని వచ్చింది. ఎనిమిది మందే కాబట్టి ఆ అంకెకు నేను పెద్దగా పొంగిపోను. చెర్రీలో కొద్దిగా మెలటోనిన్ కూడా ఉంది, నిద్రకు మంచిది. సార్బిటాల్ అనే తీపి పదార్థం కూడా ఉంది, దానివల్ల కొందరికి విరేచనాలు అవుతాయి.

బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ, ఆకాయ్ అని ఇంకా చాలా డబ్బాలు ఉన్నాయి. సైకిలు మీద పెట్టి చూసిన పని వాటికి తక్కువ. డబ్బులు వాటి మీద పెట్టకండి.

మన నేరేడు, వాక్కాయ సంగతి

ఒక జులైలో కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం పంటు కోసం ఆగి ఉన్నాను. తట్టలో నేరేడు పళ్లు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. "ఇంతెండలో సైకిలేంటి బాబూ, ఓ గ్లాసుడు పళ్లు తీసుకో, సత్తువొస్తది" అంది. "సత్తువ వస్తుందా మామ్మా?" అంటే, "ఆయ్, మా మామయ్యగారు లంకలో పన్జేసొచ్చి ఇయ్యే తినేవోరు" అంది. రెండు గ్లాసులు తిన్నాను. ఉప్పు అద్దుకుని తిన్న ఆ పళ్లకు ఏ డబ్బా సాటి రాదు.

నేరేడు రంగుకు మూలం డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్ అనే ఆంథోసయనిన్లు. బ్లాక్ కరంట్‌లో ముఖ్యమైనవి డెల్ఫినిడిన్, సయనిడిన్. చుట్టరికం ఉంది. అయినా బ్లాక్ కరంట్ మీద తీసిన శాతాలు తెచ్చి నేరేడుకు అంటగట్టకూడదు. పండుపండుకీ, చెట్టుచెట్టుకీ రంగు మారుతుంది, మోతాదు చెప్పలేం. నేను నేరేడును తిండిగా తింటాను, సీజన్‌లో రోజూ తింటాను. మోతాదు పక్కాగా కావాల్సిన వారంలో మాత్రం క్యాప్సూల్ వైపు వెళ్తాను. బ్లాక్ కరంట్ చెట్టుకు చలికాలం గట్టిగా ఉండాలి, మన దగ్గర పండదు. కడియం నర్సరీల్లో నేరేడు అంటు దొరుకుతుంది. పెరట్లో జాగా ఉన్నవాళ్లు ఒకటి పెట్టుకోండి.

వాక్కాయను మనం పచ్చిగా ఉండగానే పప్పులో వేసేస్తాం. రంగు వచ్చేది పూర్తిగా పండి నల్లబడ్డాక. ఆ పండిన వాక్కాయలు పిల్లలు చెట్టు కింద ఏరుకు తినేవి, మార్కెట్‌కు వచ్చేవి తక్కువ.

నేరేడు జూన్, జులై దాటితే దొరకదు కాబట్టి గుజ్జు దాచుకునే పద్ధతి చెబుతాను. బాగా మగ్గి నల్లగా ఉన్న పళ్లు తీసుకోండి, ఎర్రచాయ ఉన్నవి వగరు. ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి కడగండి. చేత్తో పిసికి గింజ తీసేయండి. తొక్క పారేయకండి, రంగు ఎక్కువగా ఉండేది అందులోనే. తొక్కతో సహా మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, కిలో గుజ్జుకు రెండు నిమ్మకాయల రసం పిండండి. పులుపులో ఆ రంగు నిలుస్తుంది. స్టీలు గిన్నె వాడండి, ఇనుము, అల్యూమినియం వద్దు. ఐసు ట్రేలో పోసి డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, ఆ ముక్కలు మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి మార్చండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి. మరిగించి షర్బత్ చేస్తే రుచి ఉంటుంది, ఆంథోసయనిన్ కొంత పోతుంది. పొద్దున నాలుగైదు ముక్కలు నీళ్లలో కరిగించి తాగితే సరి.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు నేరేడు గుజ్జు గానీ, ముఖ్యంగా గింజల పొడి గానీ రోజూ తీసుకునే ముందు డాక్టర్‌ను అడగాలి. మాత్ర, పండు, నాలుగు గంటల సైక్లింగ్ మూడూ కలిస్తే చక్కెర పడిపోయి రోడ్డు మీద కళ్లు తిరుగుతాయి.

మూడో మెట్టు: డబ్బా వెనక్కి తిప్పి చదవండి

ముందు ఒక పొరపాటు తీసేద్దాం. కిరాణా షాపుల్లో, డ్రై ఫ్రూట్ షాపుల్లో బ్లాక్ కరంట్ అని అమ్మే ఎండు పళ్లలో చాలావరకు ఎండిన నల్ల ద్రాక్ష. ద్రాక్ష మంచిదే, దారిలో తినడానికి బాగుంటుంది, కానీ అది వేరే పండు. ఐస్‌క్రీమ్‌లో వచ్చే బ్లాక్ కరంట్ ఫ్లేవర్ సంగతి చెప్పక్కర్లేదు.

అసలు సప్లిమెంట్ కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. పండు ఎంతో రాసి ఊరుకుంటే సరిపోదు, ఆంథోసయనిన్ ఎన్ని మిల్లీగ్రాములో ఉండాలి. 500 మిల్లీగ్రాముల బెర్రీ పొడి అని రాసిన డబ్బాలో ఆ రంగు పదార్థం ఐదు మిల్లీగ్రాములే ఉండొచ్చు. అంకె లేకపోతే డబ్బా కింద పెట్టేయండి. పలు రకాల పళ్ల పేర్లు వరుసగా రాసి, ఏది ఎంతో చెప్పకుండా మిశ్రమం అని ఒకే బరువు ఇచ్చినా అంతే. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు 14 అంకెలు ఉందా, తయారీ తేదీ ఎప్పటిది, ఎండ తగిలే అద్దాల బీరువాలో పెట్టారా చూడండి. వేడికి, వెలుతురుకు ఈ పదార్థం పాడవుతుంది. ఏప్రిల్‌లో కొరియర్‌లో మూడు రోజులు వ్యానులో మగ్గి వచ్చిన డబ్బా కన్నా చలికాలంలో తెప్పించుకున్నది మేలు.

రాష్ట్ర, జాతీయ పోటీలకు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. సప్లిమెంట్‌లో నిషేధిత పదార్థం కలిసి ఉంటే తెలియక మింగానన్నా శిక్ష తప్పదు, ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత ఆటగాడిదే. ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి ముద్ర ఉండి, బ్యాచ్ నంబరు పరీక్ష జరిగిందని చూపే డబ్బాలే తీసుకోండి. ఆ బ్యాచ్ నంబరు ఫోటో తీసి దాచుకోండి.

విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాములు అదనం అని గొప్పగా రాసిన డబ్బాలు నేను వద్దంటాను. 2009లో జర్మనీ నుంచి వచ్చిన ఒక పరీక్షలో రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకు వ్యాయామం వల్ల రావాల్సిన లాభాల్లో కొన్ని రాలేదు. 2014లో నార్వేలో పదకొండు వారాలు చేసినదీ అదే దారిలో ఉంది. తొక్కినప్పుడు కండరంలో పుట్టే ఒత్తిడే, ఇంకా బలపడు అని దానికి చెబుతుంది. ఆ కబురు అందకుండా రోజూ తుడిచేస్తే కష్టపడి తొక్కింది వృథా అవుతుంది. అందుకే బ్లాక్ కరంట్ కూడా ఏడాది పొడుగునా వేసుకోను. శిక్షణ నెలల్లో పళ్లు మాత్రమే తింటాను, క్యాప్సూల్ రైడ్ వారానికి దాచుకుంటాను.

నాలుగో మెట్టు: మీ కాళ్ల మీద పరీక్షించుకోండి

దీన్ని ఎవరూ చేయరు, అసలు ముఖ్యమైనది ఇదే. డబ్బా ఖరీదైనదైతే మనసు ముందే గెలిచేస్తుంది. ఆ మనసును పక్కన పెట్టాలి.

మందుల షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఖాళీ క్యాప్సూల్ పెంకులు దొరుకుతాయి. కొన్నింట్లో బియ్యప్పిండి నింపండి. అసలు క్యాప్సూల్ పైన ఇంకో పెంకు తొడిగితే రెండూ ఒకేలా ఉంటాయి. ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. మా ఇంట్లో మా ఆవిడ ఆ పని చేసింది. రెండు కవర్లు పెట్టుకుని, దేంట్లో ఏముందో పుస్తకంలో రాసుకుని, పుస్తకం బీరువాలో దాచింది. నాలుగో రోజుకే నేను ఆగలేక అడిగితే, "ఏవండీ, మీరే కదా చెప్పొద్దన్నారు, రైడ్ అయ్యేదాకా నోరు విప్పను" అంది. అలాంటి మనిషి కావాలి.

ఒక కవరు ఏడు రోజులు, ఏడో రోజు పొద్దున పరీక్ష. రెండు వారాలు విరామం. తర్వాత ఇంకో కవరు. దారి ఒకటే ఉండాలి, కాలువగట్టు పక్కన ట్రాఫిక్ లేని పది కిలోమీటర్లు వెళ్లి అదే దారిన వెనక్కి. వెళ్లి రావడం ఎందుకంటే గాలి ఒకవైపు తోస్తే ఇంకోవైపు అడ్డుకుంటుంది, ఒకవైపే తొక్కితే మీరు కొలిచేది గాలినే. ఐదున్నరకు మొదలుపెట్టండి, ఏడు దాటితే పంచాయతీ ట్రాక్టర్లు, కొబ్బరికాయల లారీలు. టైర్లలో గాలి, వేసుకున్న బట్టలు, ముందురోజు రాత్రి తిండి, నిద్ర అన్నీ ఒకేలా ఉంచండి. మొత్తం సమయం, సగటు గుండె వేగం, చివర్లో ఎంత కష్టంగా అనిపించిందో పదికి ఎంతో రాసుకోండి. పెడల్ మీద పెట్టే బలాన్ని కొలిచే పవర్ మీటర్ ఉంటే మరీ మంచిది.

ఇరవై కిలోమీటర్లు నలభై నిమిషాల్లో తొక్కేవాళ్లకు 2.4 శాతం అంటే సుమారు 58 సెకన్లు. మామూలుగానే రోజుకూ రోజుకూ అరనిమిషం అటూఇటూ అవుతుంది. కాబట్టి ఒక్కసారి చేసి తీర్పు చెప్పకండి. ఒక్కోటీ కనీసం మూడుసార్లు, అంటే దాదాపు నాలుగు నెలల పని. నాకు మూడింట్లో రెండుసార్లు అసలు క్యాప్సూల్ వారం నలభై సెకన్ల దాకా తగ్గింది, ఒకసారి ఏమీ లేదు. దాంతో కొనడం కొనసాగించాను. మా బ్యాచ్‌లో ఒకతనికి మూడుసార్లూ తేడా రాలేదు. అతను మానేసి ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకున్నాడు. సరైన నిర్ణయం.

ఐదో మెట్టు: రైడ్ వారం

రైడ్ ఆదివారం అనుకుందాం. సోమవారం నుంచి రోజూ టిఫిన్‌తో 600 మిల్లీగ్రాముల న్యూజిలాండ్ బ్లాక్ కరంట్ సారం, అంటే సుమారు 210 మిల్లీగ్రాముల ఆంథోసయనిన్. కొత్తవాళ్లు 300తో మొదలుపెట్టినా తప్పులేదు, టైమ్ ట్రయల్ ఫలితం వచ్చింది ఆ మోతాదుకే. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెట్టింపు వేయకండి.

కోలుకోవడం మీద ఎక్కువ గురి ఉన్నవాళ్లు, వరుసగా రెండు రోజులు తొక్కేవాళ్లు, పుల్ల చెర్రీ చిక్కని రసం వాడొచ్చు. పొద్దున 30 మిల్లీలీటర్లు, రాత్రి 30, నీళ్లలో కలిపి. మంగళవారం మొదలుపెట్టి రైడ్ తర్వాత రెండో రోజు దాకా. అందులో చక్కెర ఎక్కువ, రోజు లెక్కలో కలుపుకోండి. రెండూ కలిపి వాడాల్సిన పని లేదు.

గురువారం నుంచి తిండిలో అన్నం వాటా పెంచండి, శుక్ర, శనివారాల్లో వేపుళ్లు, కొత్త హోటళ్లు మానండి. శనివారం రాత్రి తొమ్మిదికి పడుకోవాలి. నిద్ర తక్కువైతే ఈ వారమంతా మింగిన క్యాప్సూల్స్ కన్నా ఎక్కువే పోగొట్టుకుంటారు.

బీపీ, షుగరు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, ఆపరేషన్ దగ్గర ఉన్నవాళ్లు డాక్టర్ సలహా లేకుండా దీన్ని మొదలుపెట్టకండి. ఈ వారంలో మలం రంగు నల్లబడొచ్చు, కంగారు పడకండి. కడుపునొప్పి ఉన్నా, క్యాప్సూల్ ఆపిన రెండు రోజులకు కూడా రంగు మారకపోయినా చూపించుకోవాలి.

ఆరో మెట్టు: రైడ్ రోజు

ఆంథోసయనిన్లు తిన్న గంట, రెండు గంటల్లో రక్తంలో ఎక్కువగా ఉంటాయి. ఆరింటికి రైడ్ అయితే నాలుగింటికి లేచి, ఇడ్లీలో, అరటిపళ్లో తిని, దాంతో చివరి మోతాదు వేసుకోండి. మంచినీళ్లు అరలీటరు నెమ్మదిగా తాగండి.

దారిలో మళ్లీ క్యాప్సూల్స్ వద్దు. నేను నా మొదటి 200లో ఈ తప్పు చేశాను. రాజోలు దాటాక కాళ్లు బరువెక్కితే, స్టార్ట్ దగ్గర ఎవరో చేతిలో పెట్టిన బెర్రీ సిరప్ ప్యాకెట్లు రెండు ఒకేసారి పిండుకున్నాను. అంతకుముందు దాని రుచి కూడా ఎరుగను. చించినాడ వంతెన ఎక్కేలోపు కడుపు మెలిపెట్టింది. వంతెన దిగి రోడ్డు పక్కన గంటంపావు కూర్చున్నాను. ఒక ఇంటివాళ్లు పిలిచి మంచం వేసి, ఉప్పు వేసిన గంజి ఇచ్చారు. ఆ గంజితోనే సిద్ధాంతం ఊరి దాకా తొక్కి, వంతెన దాటి, చివరికి పన్నెండు నిమిషాల తేడాలో టైమ్‌లోపు చేరాను. ఇంటి దగ్గర ఆదివారం రైడ్‌లలో మూడుసార్లు తిని అరిగించుకోనిది ఏదీ ఇప్పుడు నా జేబులో ఉండదు.

మొదటి రెండు గంటలు అదుపులో తొక్కండి. కొవ్వు వాడకం పెరిగే లాభం మధ్యస్థ వేగంలోనే ఉంది. మాటలాడుతూ తొక్కగలిగే వేగం దాటి గుంపును పట్టుకోవాలని ఉరికితే ఒళ్లు మళ్లీ గ్లైకోజెన్ మీదికే పోతుంది. గడియారం చూసి ప్రతి ఇరవై నిమిషాలకు తినండి, ఆకలి కోసం ఆగకండి. ఎండ ఎక్కాక నెత్తిన, మెడ మీద నీళ్లు పోసుకోండి. వణుకు వచ్చినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా సైకిలు దిగి నీడకు చేరి పక్కవాళ్లకు చెప్పండి. అది వడదెబ్బ, ఒళ్లు తడిపి గాలి తగిలేలా చేస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఏడో మెట్టు: ఇంటికొచ్చాక

ముందు బరువు చూసుకోండి. తగ్గినదానికి ఒకటిన్నర రెట్లు నీళ్లు, మజ్జిగ, చారు రూపంలో సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా తాగండి. గంటలోపు అన్నం, పప్పు, చేప గానీ గుడ్లు గానీ తినండి, మాంసకృత్తులు ఇరవై, ముప్పై గ్రాములు అందాలి. చెర్రీ రసం వాడేవాళ్లు ఆ రాత్రి, ఆపై రెండు రోజులు కొనసాగించండి. బ్లాక్ కరంట్ వాడినవాళ్లు అక్కడితో ఆపేయొచ్చు. మిగిలిన క్యాప్సూల్స్ మూత బిగించి, వెలుతురు తగలని చల్లని చోట పెట్టి, డబ్బా మీద తెరిచిన తేదీ రాయండి.

పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: ఎన్ని లీటర్లు తాగారు, గంటకు ఎంత తిన్నారు, క్యాప్సూల్ మోతాదు ఎంత, కాళ్లు ఎన్నో కిలోమీటరు దగ్గర బరువెక్కాయి. తర్వాతి 300 రైడ్‌కు ఇరవై గంటల సమయం ఇస్తారు, రాత్రి కూడా తొక్కాలి. దాని ప్లాన్ మొదలుపెట్టే ముందు తెరవాల్సింది ఆ పుస్తకాన్నే.